తులసికోట పక్కన రోజ్‌మేరీ

మా పెరట్లో తులసికోట పక్కన ఒక కొత్త మొక్క ఉన్నది. మూరెడెత్తు పెరిగినది. ఆకులు సన్నగా సూదుల్లా ఉంటాయి. పైన ముదురుపచ్చ, కింద తెల్లని నూగు. చేత్తో ఒకసారి దువ్వితే చాలు, కర్పూరమూ నీలగిరి తైలమూ కలిపి రుద్దుకున్నట్టు అరచెయ్యి గుమగుమలాడుతుంది. దాని పేరు రోజ్‌మేరీ. ఇంటికి వచ్చిన చుట్టాలు తులసికి దండం పెట్టి, పక్కకు తిరిగి, "ఇదేమమ్మా, సరుగుడు మొక్కను కుండలో పెట్టినారు?" అని అడుగుతారు.

అడిగిన వారందరికీ విడివిడిగా చెప్పేకంటే మన పత్రికలో ఒకసారి రాసేస్తే సరిపోతుందని అనుకున్నాము. మేము అంటే తోడికోడళ్ళం ఇద్దరం. ఒకరు 27 ఏళ్ళ కిందట, ఒకరు 18 ఏళ్ళ కిందట ఈ కోయంబత్తూరు ఇంటికి కాపురానికి వచ్చినాము. ఇద్దరం కలిసి రాస్తున్నాము గనుక ఇద్దరిదీ ఒకే మాట అని చదువరులు అనుకోవద్దు. పోపు దగ్గరనుంచి పడకల దాకా మాకు అన్నిటా తగవులే. ఈ మొక్క విషయంలోనూ మాలో పెద్దావిడది ఒక దారి, చిన్నావిడది ఒక దారి. రాత మాత్రం ఒకటి.

మొక్క సంగతి చెప్పాలంటే ముందు ఉప్పు సంగతి చెప్పాలి.

మా అత్తగారికి 76 ఏళ్ళు. ఈ ఇంట్లో యాభై ఏళ్ళుగా ఉప్పు వేసిన చెయ్యి ఆమెది. పండుగనాడు నైవేద్యం కాకముందు ఎవరూ నోట వేసుకోరాదు కదా. ఆమె గిన్నె మూత తీసి, పైకి లేచిన ఆవిరిని ఒక్కసారి పీల్చి, "ఉప్పు చాలలేదు, ఇంకొక చిటికెడు" అనేవారు. తరువాత ఆకు ముందు కూర్చుని తిన్నప్పుడు చూస్తే, సరిగ్గా ఆ చిటికెడే లెక్కకు వచ్చేది. ఈ విద్య మాకిద్దరికీ పట్టుబడలేదు.

రెండేళ్ళ కిందట ఒకనాడు పొద్దున ఆమె కళ్ళు తిరిగి వంటింటి గడప దగ్గర కూలబడినారు. రక్తపోటు బాగా ఎక్కువైనదని, మూత్రపిండాల పని కొంచెం మందగించినదని డాక్టరుగారు చెప్పినారు. మాత్రలు రాసి, వాటికంటే గట్టిగా ఉప్పు గురించి చెప్పినారు. పెద్దవాళ్ళు ఎవరైనా సరే రోజు మొత్తంమీద 5 గ్రాములకు తక్కువగా, అంటే ఒక చిన్న చెంచాలోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మా ఇంటి లెక్క వేసి చూసుకున్నాము. 8 మందికి కిలో ఉప్పు పొట్లం పది రోజులు కూడా రావడం లేదు. తలకు రోజుకు పన్నెండు గ్రాముల పైమాట. ఊరగాయ జాడీల్లోకి వెళ్ళిన ఉప్పు ఈ లెక్కలో లేదు. సిగ్గుపడవలసిన సంగతే గాని, చదివేవారు కూడా తమ ఇంటి పొట్లానికి ఒకసారి లెక్క కట్టి చూసుకుంటే బాగుంటుంది.

సరే, ఊరగాయ పోయింది, అప్పడం పోయింది, వడియాలు పోయినాయి, మజ్జిగ మిరపకాయలు పోయినాయి. కూరల్లో ఉప్పు పావువంతుకు దిగింది. దానితోపాటు మా అత్తగారి భోజనం కూడా పావువంతుకు దిగింది. "నాకు ఆకలి లేదమ్మా" అని రెండు ముద్దల పెరుగన్నంతో లేచిపోయేవారు. నాలుగు నెలల్లో ఆరు కిలోలు తగ్గినారు. చేతి గాజులు మోచేతి దాకా జారేవి. ఒకనాడు వక్కాకుల పెట్టె సర్దుతూ ఉంటే అడుగున చిన్న స్టీలు డబ్బాలో రెండు ఆవకాయ ముక్కలు కనిపించినాయి. మాలో పెద్దావిడ కోపం ఆపుకోలేక నాలుగు మాటలు అనేసినది. అత్తగారు తిరిగి ఒక్క మాట అనలేదు. రెండు రోజులు మాతో మాట్లాడలేదు. ఆవకాయ పెట్టడం మాకు నేర్పిన మనిషి దొంగచాటుగా రెండు ముక్కలు దాచుకోవలసి వచ్చినదే అని ఆ రెండు రోజులూ మాకిద్దరికీ కూడా అన్నం సహించలేదు.

ఆ రోజుల్లోనే కోత్తగిరిలో ఉంటున్న మా ఆడపడుచు తల్లిని చూడడానికి వస్తూ ఈ మొక్కను ఒడిలో పెట్టుకుని ఘాటు దిగి వచ్చినది. నీలగిరి కొండల్లో తేయాకు ఒక్కటే కాదు, రోజ్‌మేరీ వంటి సీమ మూలికలను పండించే చిన్నరైతులు కూడా ఉన్నారు. "ఉప్పు తగ్గించినచోట ఏదైనా వాసన పెంచాలి వదినా, దీన్ని వేసి చూడండి" అని చెప్పి వెళ్ళింది. ఎంత వెయ్యాలో, దేనిలో వెయ్యాలో చెప్పలేదు. మేమూ అడగలేదు.

మొదటి వంట చారు. మాలో చిన్నావిడ ఉత్సాహం కొద్దీ జానెడు కొమ్మను అలాగే మరిగే చారులో పడవేసి మూత పెట్టినది. పావుగంట తరువాత ఇల్లంతా జలుబు చేసినవాడి గది లాగా తయారైనది. అత్తగారు ఒక్క గుక్క తాగి, "ఏమే, అమృతాంజనం వేసి చారు కాచినారా?" అన్నారు. చారు మొక్కల పాలైనది. కానీ ఒక్క మాట చెప్పాలి. ఆవకాయ రగడ తరువాత ఆమె నవ్వుతూ మాట్లాడిన మొదటి మాట అదే.

ఎందుకు చెడినదో తరువాత ఆలోచిస్తే తెలిసినది. ఈ వాసన ఆకులోని తైలానిది. అందులో కర్పూరమూ ఉన్నది, నీలగిరి తైలంలో ఉండే సినియోల్ అనే పదార్థమూ ఉన్నది. కాబట్టి మా అత్తగారి ముక్కు తప్పు చెప్పలేదు. ఆ తైలం నూనెలోనో నేతిలోనో కలిసినంత ఇదిగా నీళ్ళలో కలవదు. నీళ్ళలో మరిగిస్తే ఘాటు ఆవిరిలోకి పోయి చేదు గిన్నెలో మిగులుతుంది. ఇంగువ, చింతపండు, ధనియాలు ఉన్న చారులో ఇది పరాయిదే. సాంబారులోనూ అంతే. ఇప్పటికీ మేము చారులో వెయ్యము.

అసలు ఈ మొక్క పుట్టిల్లు మధ్యధరా సముద్రపు ఒడ్డు. ఇటలీ, స్పెయిన్, ఫ్రాన్సు దక్షిణ భాగం, గ్రీసు దేశాల్లో రాతినేలల్లో, ఎండలో, సముద్రపు గాలికి దానంతట అదే పెరుగుతుంది. పేరులో రోజాపువ్వూ లేదు, మేరీమాతా లేదు. లాటిన్ భాషలో రోస్ అంటే మంచుబిందువు, మరీనస్ అంటే సముద్రానిది. సముద్రపు మంచు అన్నమాట. శాస్త్రజ్ఞులు చాలాకాలం రోజ్‌మరైనస్ అఫిసినాలిస్ అని పిలిచి, 2017లో దీన్ని సాల్వియా అనే జాతిలో చేర్చినారు. ఆ వివరం మాకు అంతగా పనికిరాదు గాని, మరొకటి పనికి వచ్చినది. దీని కుటుంబంలోనివే మన తులసి, పుదీనా, మరువం, తుమ్మి, ఇక్కడివారు కర్పూరవల్లి అనే వాము ఆకు. ఈ మాట చెప్పగానే అత్తగారు, "అయితే తులసికి చెల్లెలి వరస. పక్కనే పెట్టండి" అన్నారు. తులసికోట పక్కన చోటు అలా దొరికింది. ఆ మర్యాద దానికి ఎంత ముప్పు తెచ్చినదో తరువాత చెబుతాము.

రెండవ వంట ఉర్లగడ్డ. ఇది కుదిరినది. కొలత చెబుతాము. అరకిలో ఉర్లగడ్డలను ముక్కలు కోసి, ముప్పాతిక వంతు ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, ముక్కలను గుడ్డమీద ఆరబెట్టాలి. తడి ఉంటే ఎర్రగా వేగవు. రోజ్‌మేరీ ఆకులను కాడనుంచి కిందివైపుగా దూస్తే సులువుగా వచ్చేస్తాయి. వాటిని కత్తితో నూరినంత సన్నగా తరగాలి. కరివేపాకు లాగా ఆకుపళంగా వేసి కంచం అంచున ఏరి పెట్టుకోవడానికి వీలులేదు. ముదురు ఆకు గొంతులో గుచ్చుకుంటుంది. తరిగినది ఒక చిన్న చెంచా చాలు. బాణలిలో రెండు పెద్ద చెంచాల నూనె పోసి, సన్నని సెగమీద ఆరు వెల్లుల్లి రెబ్బలు చితగ్గొట్టి వేసి, ఆకు వేసి, వెల్లుల్లి రంగు తిరగకముందే ముక్కలు వేయాలి. సెగ కొంచెం పెంచి, తొందరపడి కలపకుండా, ఒక్కొక్క పక్క ఎర్రబడనివ్వాలి. పావు చెంచా ఉప్పు ఉడికేటప్పుడు కాదు, దించేముందు పైన చల్లాలి. నాలుకకు ముందు తగిలేది పైనున్న ఉప్పే గనుక తక్కువ ఉప్పు ఎక్కువగా తెలుస్తుంది. తరువాత మిరియాల పొడి, అర చెక్క నిమ్మరసం.

ఆ పూట అత్తగారు మారు అడిగినారు. నాలుగు నెలల్లో అది మొదటిసారి. మాలో పెద్దావిడ కొంగుతో ముఖం తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్ళిపోయినది. చెమట అని చెప్పినది.

ఇక్కడ నిజం చెప్పాలి. రోజ్‌మేరీ ఉప్పుకు బదులు కాదు. దానిలో ఉప్పదనం రవ్వంత కూడా లేదు. ఎర్రగా వేగిన అంచు, వెల్లుల్లి, మిరియం, నిమ్మపులుపు, దానిమీద ఈ కొండవాసన, ఇవన్నీ కలిసి ఉప్పు లేని లోటును మరపిస్తాయి. ఒక్కదాన్నే నమ్ముకుంటే మా చారు గతే.

ఆదివారం మాంసంలో వేసినాము. ఆ దేశాలవారు గొర్రెపిల్ల మాంసానికీ దీనికీ పెళ్ళి చేసినట్టే వండుతారు. మనం మసాలాలన్నీ కుమ్మరించి దీన్ని కూడా వేస్తే ఎవరి గొంతూ వినబడదు. అందుకని లవంగం, దాల్చినచెక్క, ధనియాలు మానేసి, పెరుగు, వెల్లుల్లి, మిరియాలు మాత్రం పట్టించి రెండు గంటలు ఉంచి, రెండు వేళ్ళంత కొమ్మలు రెండు వేసి సన్నసెగమీద మగ్గించినాము. కొత్తిమీర లాగా చివర వేసే ఆకు కాదిది, మొదటే వెయ్యాలి. గంటసేపు ఉడికినా వాసన తగ్గదు. దించేటప్పుడు కాడలు తీసివెయ్యాలి. మగవాళ్ళు మొదట ముఖం చిట్లించి, తరువాత గిన్నె ఖాళీ చేసినారు. పిల్లలు మాత్రం పాత కూరే కావాలన్నారు. వాళ్ళకు ఇప్పటికీ అదే.

శనివారం మాంసం ముట్టము గనుక ఇటలీలోని టస్కనీ ప్రాంతపు పద్ధతి ఒకటి మా చిన్నావిడ పట్టుకున్నది. అక్కడివారు తెల్ల చిక్కుడు గింజలను వెల్లుల్లి, ఈ ఆకు వేసి వండి, పైన ఆలివ్ నూనె పోసుకుని తింటారు. మేము అలసందలు ఉడికించి, ఒక చెంచా నెయ్యి కాచి అందులో చిటికెడు తరిగిన ఆకు చిటపటమనగానే గింజలమీద పోసినాము. రాగి సంగటిలోకి ఇది ఎంత బాగుంటుందో తిని చూడవలసిందే. మా పెద్దావిడ, "కరివేపాకు పోపు ఉండగా దీని గొప్పేమిటి" అని ఇప్పటికీ అంటుంది. అంటూనే రెండవసారి వడ్డించుకుంటుంది.

నిల్వ సంగతి ఒకటి జాగ్రత్తగా వినాలి. ఊరగాయ అలవాటు కొద్దీ మేము పచ్చి వెల్లుల్లినీ ఈ పచ్చి ఆకునూ సీసాలో నూనె పోసి అటకమీద పెట్టబోయినాము. అలా చేయరాదు. ఊరగాయను కాపాడేది నూనె ఒక్కటే కాదు, ఉప్పూ పులుపూ కూడా. ఉప్పూ పులుపూ లేకుండా తడి ఉన్న వెల్లుల్లినీ ఆకునూ గాలి చొరని నూనెలో ముంచి బయట ఉంచితే బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే విషం పుట్టే అవకాశం ఉన్నది. పైకి వాసనా తెలియదు, రంగూ తెలియదు. నూనెలో వేస్తే ఆ పూటకే వాడుకోవాలి. నిలవ ఉంచాలంటే కొమ్మలను కట్టగట్టి నీడలో తలకిందులుగా వేలాడదీసి, గలగలమన్నాక ఆకు దూసి డబ్బాలో వేసుకోవాలి. మూడు చెంచాల పచ్చి ఆకు చోట ఒక చెంచా ఎండుది సరి.

ఇక ఆరోగ్యం. మొక్క సంగతి ఊళ్ళో పొక్కగానే సలహాలు వచ్చిపడినాయి. దగ్గరి చుట్టం ఒకరు రోజ్‌మేరీ నూనె సీసా తెచ్చి, "రోజూ పరగడుపున నాలుగు చుక్కలు నీళ్ళలో వేసి ఇవ్వండి, రక్తపోటు ఇట్టే దిగుతుంది" అన్నారు. ఆయన ప్రేమతోనే తెచ్చినారు. మా చిన్నావిడ చెంచా కూడా తీసినది. పెద్దావిడ ఆపి, డాక్టరుగారికి ఫోను చేసినది. ఆయన చాలా గట్టిగా వద్దన్నారు. కూరలో వేసే ఆకు వేరు, కిలోలకొద్దీ ఆకునుంచి దించిన తైలం వేరు. అందులోని కర్పూరం వంటి పదార్థాలు ఎక్కువైతే మూర్ఛలు కూడా రావచ్చు. మూర్ఛరోగం ఉన్నవారు, గర్భిణులు దాని జోలికే పోరాదు. వంటలో చిటికెడు ఆకుకు ఎవరికీ భయం లేదు. ఆ సీసా ఇప్పుడు బీరువాలో పై అరలో ఉన్నది. చుట్టం వచ్చినప్పుడు అడిగితే "జాగ్రత్తగా ఉంచినాము" అంటాము. అబద్ధం కాదు కదా.

మరొకరు సోడియం తక్కువ ఉప్పు కొనమన్నారు. అది చాలామందికి మేలు చేసేదేనట. కానీ అందులో సోడియం తగ్గించిన మేరకు పొటాషియం చేరుస్తారు. మూత్రపిండాలు మందగించినవారికీ, కొన్ని రకాల రక్తపోటు మాత్రలు వేసుకునేవారికీ ఒంట్లో పొటాషియం పేరుకుని గుండెకే ప్రమాదం కావచ్చు. మా అత్తగారికి అది వద్దన్నారు. ఉర్లగడ్డలో కూడా పొటాషియం ఎక్కువే గనుక వారానికొకసారి, ఉడికిన నీళ్ళు పారబోసి పెట్టమన్నారు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ రోగాలు ఉంటే ఉప్పు మార్చేముందు డాక్టరును అడగండి.

జుట్టు సంగతి రాయకపోతే మా ఇంటి ఆడపిల్లలు ఊరుకోరు. రోజ్‌మేరీ నీళ్ళు తలకు పోసుకుంటే జుట్టు పెరుగుతుందని ఈనాటి పిల్లల నమ్మకం. 2015లో ఒక పరీక్ష అచ్చయినది. వంశపారంపర్యంగా జుట్టు రాలే 100 మందిలో సగంమందికి ఈ నూనె, సగంమందికి 2 శాతం మినాక్సిడిల్ అనే మందు ఆరు నెలలు రాయించినారు. ఆరవ నెలకు రెండు జట్లలోనూ ఇంచుమించు ఒకేలా జుట్టు పెరిగినది. ఏమీ రాయని జట్టును పక్కన పెట్టి పోల్చలేదు. అదీగాక వాళ్ళు రాసినది నూనె, మా పిల్లలు పోసుకుంటున్నవి ఆకు కాచిన నీళ్ళు. మా మొక్కను ఒక నెలలో సగం బోడి చేసినారు. ఎవరి జడా బెత్తెడు పెరగలేదు. మొక్క మాత్రం మళ్ళీ చిగిర్చినది.

జ్ఞాపకశక్తికి మంచిదని ఐరోపా వారి పాత నమ్మకం. షేక్‌స్పియర్ హామ్లెట్ నాటకంలో ఒఫీలియా దీన్ని జ్ఞాపకానికి గుర్తుగా ఇస్తుంది. 1915లో గల్లిపోలి యుద్ధంలో పోయినవారిని తలుచుకుంటూ ఆస్ట్రేలియావారు ప్రతి ఏప్రిల్ 25న ఈ రెమ్మను గుండెమీద పెట్టుకుంటారు. ఆ గల్లిపోలి కొండలమీద ఇది అడవిగా పెరుగుతుందట. నమ్మకం నమ్మకమే, మందని చెప్పడానికి లేదు. వంటలో వేసినందుకు రక్తపోటు తగ్గుతుందని కూడా మేము చెప్పము. మా అత్తగారికి తగ్గినది మాత్రలవల్ల, ఉప్పు తగ్గించడంవల్ల. ఆకు చేసినదల్లా ఆమె చేత నాలుగు ముద్దలు తినిపించడం. తగ్గిన ఆరు కిలోలలో మూడు తిరిగి వచ్చినాయి. ఇంకొక్క సంగతి మాత్రం ఉన్నది. ఈ ఆకులోని కార్నోసిక్ ఆమ్లం నూనెలూ కొవ్వులూ మక్కిపోకుండా ఆపుతుంది. 2010లో ఐరోపా కూటమి ఈ ఆకు సారాన్ని ఇ-392 అనే అంకెతో ఆహారం నిలవకు వాడుకోనిచ్చినది. దుకాణం పొట్లాలమీద ఆ అంకె కనిపిస్తే అది ఇదేనని గుర్తుపట్టవచ్చు.

ఇప్పుడు మొక్కకు వచ్చిన ముప్పు. తులసికి చెల్లెలి వరస అన్నాక అత్తగారు ఊరుకుంటారా? రోజూ పొద్దున స్నానం చేసి తులసికి ఒక చెంబు, చెల్లెలికి ఒక చెంబు పోసేవారు. దానిమీద ఐప్పసి వానలు. కింది ఆకులు నల్లబడి రాలినాయి, కాండం మెత్తబడినది. రాతినేలలో పుట్టినది గదా, వేళ్ళ దగ్గర నీళ్ళు నిలిస్తే కుళ్ళిపోతుంది. నీళ్ళు మానమని చెప్పాలి. ఉప్పు మానిపించినాము, ఊరగాయ మానిపించినాము, ఇప్పుడు నీళ్ళు పొయ్యడం కూడా మానమని ఎవరు చెబుతారు? మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ వారం గడిపినాము. ఆ వారంలో మొక్క పోయినది.

పోకముందు పచ్చగా మిగిలిన చివరలు అయిదు, నాలుగేసి అంగుళాలవి కోసి, కింది ఆకులు దూసి, సగం ఇసుక కలిపిన మట్టిలో గుచ్చినాము. రెండు బతికినాయి. అప్పుడు ఇక తప్పక అత్తగారికి చెప్పినాము. ఆమె కాసేపు ఆ ఎండిన మొదలును చూసి, "ముందే చెప్పకూడదా? మొక్కను చంపి నా మనసు కాపాడినారా?" అన్నారు. ఆవకాయ డబ్బా నాడు అనవలసిన మాటలు కూడా ఆనాడే కొన్ని అన్నారు. అవి ఇక్కడ రాయము. ఇప్పుడు మట్టిలో వేలు గుచ్చి, రెండు కణుపుల లోతు పొడిగా ఉంటేనే నీళ్ళు పోస్తారు. ఆ అధికారం ఆమెదే, మేము ముట్టుకోము.

వంట వేళకు పొయ్యి పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటారు. మూత తియ్యగానే ఆవిరి పీల్చి, "ఉప్పు చాలలేదు" అంటారు. మేము మాట్లాడము. "నిమ్మకాయ పిండండి" అని ఆమే అంటారు. ఉగాది నాడు మాత్రం ఒక్క ఆవకాయ ముక్క, కడిగి, అందరి ఎదుట.

ఈ వేసవిలో మళ్ళీ కొమ్మలు గుచ్చినాము. నాలుగు వేళ్ళు పట్టినాయి. ఒకటి ఆడపడుచు తిరిగి అడిగినది. మిగిలిన మూడు వచ్చే నెల సంఘం కూడికకు తెస్తాము. ముందు అడిగినవారికి ముందు. తులసికి పోసినట్టు నీళ్ళు పొయ్యవద్దని చెప్పి మరీ ఇవ్వమని అత్తగారి ఆజ్ఞ.